మిల్లు మూతపడకముందే

మా బాపు మా అమ్మను కొట్టింది మిల్లు మూతపడ్డాక కాదు, చాలా ముందు నుంచే. ఇంత చిన్న మాట మా ఇంట్లో, మా వాళ్లందరి ముందు, మామూలు గొంతుతో చెప్పడానికి నాకు నలభై దాటాల్సి వచ్చింది. చెప్పాక ఏమైంది, అసలు ఎందుకు చెప్పాలనుకున్నాను, చెప్పొద్దన్నవాళ్లకు నా జవాబేంటి, ఇవన్నీ ఒక్కచోట రాద్దామని కూర్చున్నాను.

వరంగల్ వాళ్లకు మిల్లు అంటే ఆజంజాహీ మిల్లే, ఇంకో పేరు చెప్పే పనిలేదు. 1934లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెట్టించిన బట్టల మిల్లు. తన కొడుకు ఆజం జా పేరు పెట్టాడు. తర్వాత కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ కిందికి వచ్చి, నష్టాల్లో పడి, చివరికి 2002లో మూతపడింది. కరీమాబాద్, ఉర్సు, రంగశాయిపేట, శివనగర్, ఈ వాడలన్నీ మిల్లు సైరన్‌ను బట్టే లేచేవి, తినేవి, పడుకునేవి. మా ఇల్లూ ఆ వాడల్లోనే ఒక సందులో ఉంది. మిల్లు పోవడం ఎంత పెద్ద దెబ్బో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నూలు దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై, చేతికి వేరే పని రాక, ఇంటి జాగా కోసం ఏళ్ల తరబడి ధర్నాల్లో కూర్చున్న మనుషులను చూస్తూ పెరిగాను. 2017లో మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగిందని పేపర్లో వస్తే బాపు ఆ పేజీ మడిచి దిండు కింద పెట్టుకున్నాడు, దాని గురించి మాత్రం ఎవరితో ఏమీ అనలేదు. ఆ బాధ నిజమైనదే. దాన్ని నేను తక్కువ చేయడం లేదు.

నా గొడవంతా ఆ బాధను తెచ్చి మా అమ్మ ఒంటి మీది దెబ్బలకు కారణంగా చూపించడంతోనే. మా చుట్టాల్లో ఎవరిని అడిగినా అదే మాట. “పాపం, మిల్లు పోయినంక మనసు ఖరాబయింది, అందుకే చెయ్యి చేసుకునేటోడు.” మా చిన్నాయిన అదే అంటాడు, మేనత్త అదే అంటుంది, మా అన్న తన పిల్లలకు కూడా అదే చెప్పాడు. వినడానికి బాగుంటుంది. తప్పు ఢిల్లీలో ఎవరి మీదికో పోతుంది, ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు, గోడ మీది ఫోటోకు దండ వేసుకోవచ్చు.

కానీ నాకు లెక్క తెలుసు. అమ్మ ఎడమ మణికట్టు విరిగినప్పుడు నేను మూడో తరగతి. అది 1992. మిల్లు నడుస్తోంది, నెలనెలా జీతం వస్తోంది. గొడవ దేనికంటే, అమ్మ తన తమ్ముడి పెళ్లికి నాలుగు రోజుల ముందు పోతానంది, బాపు పెళ్లినాడే పోవాలన్నాడు. అంతే. మిల్లు మూత ఇంకా పదేళ్ల దూరంలో ఉంది.

మిల్లు కాకపోతే తాగుడు అంటారు. దానికీ లెక్క ఉంది. 1993 అక్టోబర్‌లో సారా బంద్ అయింది, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధమే వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ రోజుల్లో దొంగచాటుగా గుడుంబా దొరికేది, కల్లు సరేసరి, అది నాకూ తెలుసు. కానీ మా బాపు భయస్తుడు, పోలీసు కేసంటే వణుకు, ఆ నిషేధం ఉన్నంత కాలం దాదాపు ముట్టలేదు. అయినా మా ఇంట్లో రాత్రులు మారలేదు. తాగి వచ్చిన రోజు అరుపులు ఎక్కువుండేవి, తాగని రోజు మాట్లాడకుండా కొట్టేవాడు. మాకు తాగని రోజులే ఎక్కువ భయం.

ఇంకో సంగతి చెప్తే మా చిన్నాయినకు అస్సలు నచ్చదు. మిల్లు మూతపడ్డాకే ఇంట్లో దెబ్బలు తగ్గాయి. అన్న అప్పటికి ఎదిగాడు. ఒక సాయంత్రం బాపు చెయ్యి లేపితే ఆ చెయ్యి గాల్లోనే పట్టుకుని “ఇగ బస్” అన్నాడు. ఆ తర్వాత బాపు మాటలతోనే సరిపెట్టుకున్నాడు. అంటే మిల్లు పోయి, జీతం పోయి, హన్మకొండలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా చేరి, నిజంగానే మనసు విరిగిన రోజుల్లో ఆయన కొట్టలేదు. ఆపే మనిషి ఇంట్లో ఉన్నాడు కాబట్టి కొట్టలేదు. బాపు తనను తాను ఆపుకోగలిగేవాడని అప్పుడే అందరికీ తెలియాలి. ఎవరూ ఆ ముక్క గుర్తుపెట్టుకోలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, ఇల్లు అమ్ముతున్నారు.

బాపు పోయాక అమ్మ అన్న దగ్గరికి వెళ్లింది, పాత ఇంటికి తాళం పడింది. ఇన్నాళ్లకు బేరం కుదిరింది. నేను కరీంనగర్ నుంచి వచ్చాను, సామాను సర్దడానికి ఒకటి, సంతకానికి ఒకటి. గూన పెంకల ఇల్లు, రెండే అర్రలు, ముందు వాకిలి, వెనక నీళ్ల కుండీ. పెంకల్లో సగం జారిపోయాయి, వానకు లోపలి అర్ర గోడ ఉబ్బింది. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. కళ్లు మాత్రం లోపలి అర్ర దర్వాజ మీదికి పోయి అక్కడే ఆగాయి.

ఆ తలుపుకు లోపలి వైపు గడియ లేదు. ఎప్పుడూ లేదనే చిన్నప్పుడు అనుకునేవాళ్లం. దగ్గరికి పోయి చూస్తే గడియ ఉండాల్సిన చోట నాలుగు స్క్రూ బొక్కలు, వాటిలో మైనం నింపి పైన పచ్చ రంగు వేసి ఉంది. ప్రతి దసరాకు ఇంటికి సున్నం వేసి తలుపులకు రంగు వేసేవాళ్లు కదా, ఆ రంగు పొరల కింద అవి గుంటల్లా మిగిలాయి, వేలు పెట్టి తడిమితేనే తెలుస్తాయి. అమ్మ ఒకసారి ఆ అర్రలోకి పోయి గడియ పెట్టుకుందట. తెల్లారి బాపు స్క్రూడ్రైవర్ తెచ్చి గడియ ఊడదీశాడు. కోపంలో చేసిన పని కూడా కాదది. తీరిగ్గా కూర్చుని, స్క్రూలు పోకుండా ఒక డబ్బాలో వేసి, బొక్కలు పూడ్చి మరీ చేశాడు. మిల్లు పోయిన దుఃఖం, తాగిన మత్తు, క్షణికావేశం అని ఎవరన్నా నాతో అంటే నాకు ఆ నాలుగు బొక్కలే గుర్తొస్తాయి. కొనేవాళ్ల తరఫున వచ్చిన మేస్త్రీ ఆ దర్వాజను వేళ్లతో కొట్టి చూసి “టేకు అక్కా, విడిగా అమ్మినా పైసలొస్తయ్” అన్నాడు.

ఇక అమ్మ చెయ్యి. అప్పట్లో నాటు కట్టు కట్టించారు. ఎముక సరిగ్గా అతకలేదు. తర్వాత ఎప్పుడో ఆసుపత్రికి తీసుకెళ్తే ఎట్లా విరిగిందని అడిగారు, అమ్మ కుండీ దగ్గర పాకురు మీద జారానని చెప్పింది. ఇప్పటికీ చీర పిండాలంటే ఒక కొస నల్లాకు చుట్టి, రెండో కొసను కుడిచేత్తో మెలి తిప్పుతుంది. చేతులు రెండూ కలిపి పిండలేదు. మా వదిన చాలా ఏళ్లు అది అత్తమ్మ అలవాటనే అనుకుంది.

పంచాయితీ కూడా అయింది మా ఇంట్లో. అమ్మమ్మ వాళ్లు పెద్దమనుషులను కూర్చోబెట్టారు, వాకిట్లోనే, వాడకట్టంతా గోడల మీద నుంచి చూస్తుండగా. నాకు గుర్తున్నంత వరకు అక్కడ బాపును ఒక్క ప్రశ్న అడిగారు, అమ్మను మాత్రం చాలా అడిగారు. వేళకు వండుతున్నావా, చెప్పకుండా పోతున్నావా, ఎదురు మాట్లాడుతున్నావా. చివరికి ఇద్దరినీ “సర్దుకపోవాలె” అన్నారు. సర్దుకోవాల్సింది ఎవరో అక్కడున్న పిల్లలమైన మాకు కూడా అర్థమైంది. భార్యను హింసించడం నేరమని 498ఏ సెక్షన్ 1983లోనే వచ్చింది, అంటే నేను పుట్టకముందే. ఆ వాకిట్లో ఆ మాట ఎవరి నోటా రాలేదు.

సరే, ఆ ఆదివారం సంగతికి వస్తాను. బయానా మాట్లాడటానికి అందరం పాత ఇంట్లోనే కూడాం. చిన్నాయిన, మేనత్త, అన్న, వదిన, అన్న కొడుకు, నేను, అమ్మ. మాట మీద మాట వచ్చి చిన్నాయిన బాపు గురించి ఎత్తుకున్నాడు. ఈ ఇంటి ఒక్కొక్క పెంక ఎట్లా కొన్నాడు, ఓవర్‌టైమ్ ఎట్లా చేశాడు, మిల్లు పోయాక ఎట్లా కుంగిపోయాడు. “అన్న దేవుడు. ఆ మిల్లే ఆయనను పాడు చేసింది. లేకుంటే వదినె మీద చెయ్యి ఎత్తే మనిషా?” అన్నాడు. అమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

అప్పుడన్నాను. “చిన్నాయినా, అమ్మ చెయ్యి విరిగినప్పుడు మిల్లు నడుస్తుండె. పదేళ్లు నడిచింది ఇంకా.”

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. ఇప్పుడెందుకు అన్నారు, పిల్లవాడి ముందు అన్నారు, పోయినోళ్లను అనొద్దు అన్నారు. చిన్నాయిన ముఖం ఎర్రబడింది. “అంటే ఏమంటవ్ బిడ్డా? తాగినోడు ఒకటి అరా కొట్టకపోతడా?” అన్నాడు.

అమ్మ అంది: “ఆ దినం తాగి లేడు. ఫస్ట్ షిఫ్ట్ చేసి వచ్చిండు. అన్నం తిన్నంక కొట్టిండు.”

అంతే అంది, ఇంకేం చెప్పలేదు. ఏడవలేదు కూడా. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ రోజు షిఫ్టుతో సహా ఆమెకు గుర్తుంది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

నా మీదికి వచ్చిన మాటలను కొట్టిపారేయను, కొన్నింటిలో పస ఉంది.

బాపు నిన్ను ప్రేమగా చూడలేదా అన్నాడు అన్న. చూశాడు. ఆ వాడలో ఆడపిల్లను డిగ్రీ దాకా చదివించిన కొద్ది మందిలో ఆయన ఒకడు. నాకు జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చింది ఆయనే. ఉర్సు గుట్ట దగ్గర దసరా చూపించడానికి భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లింది ఆయనే. నేను ఆయన కోసం ఏడ్చాను, ఇప్పటికీ కొన్ని రోజులు ఏడుస్తాను. నాకు మంచివాడైనంత మాత్రాన అమ్మకు మంచివాడు కావాలని ఏముంది? మా ఇంట్లో ఒకే మనిషి ఇద్దరికి రెండు రకాలుగా ఉన్నాడు, ఆ రెండూ నిజమే, ఒకటి చెప్పినప్పుడల్లా రెండోది దాచాల్సిన పనిలేదు. అన్న సంగతి నాకు అర్థమవుతుంది. చిన్నప్పుడు మిల్లు గేటు దగ్గరికి టిఫిన్ డబ్బా మోసుకెళ్లింది వాడే, బాపు చెయ్యి పట్టుకుని ఆపిందీ వాడే. ఆ రెండూ చేసిన కొడుక్కు మిల్లు కథ లేకుండా బాపును తలుచుకోవడం కష్టమే. కానీ ఆ కథతో వాడికి దొరికే ఊరట అమ్మ ఖర్చుతో దొరుకుతోంది.

ఆ కాలం అట్లాంటిది, అందరి ఇళ్లలో అంతే అంది మేనత్త. మా వెనకింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. బాపుతో పాటు అదే డిపార్ట్‌మెంట్, అదే జీతం, అదే రోజు బయటికి వచ్చాడు. తర్వాత మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్లో హమాలీగా బస్తాలు మోశాడు, ఆ ఘాటుకు రాత్రంతా దగ్గేవాడు, మాకు గోడ అవతలి నుంచి వినబడేది. ఆ గోడ అవతలి నుంచి దగ్గు తప్ప ఇంకేమీ ఎప్పుడూ వినబడలేదు. మిల్లు పోతే మగవాళ్లు కొడతారని చెప్పడం ఆయనలాంటి వాళ్లను అవమానించడమే. అంత నష్టపోయి కూడా ఇంట్లో మనుషుల్లా బతికిన కార్మికులు ఈ ఊళ్లో వేల మంది.

ఇంకా “ఆ కాలం” అని ఎందుకంటారో నాకు తెలియదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 37 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. అదే సర్వేలో, చెప్పకుండా బయటికి పోతే, వంట సరిగ్గా చేయకపోతే, ఎదురు మాట్లాడితే, అత్తమామలను లెక్కచేయకపోతే, ఇట్లాంటి కారణాల్లో ఏదో ఒకదానికి భర్త కొట్టడం సబబే అని మన రాష్ట్రంలో 83.8 శాతం ఆడవాళ్లు అన్నారు. దేశంలోనే ఇంత ఎక్కువ చెప్పిన రాష్ట్రాల్లో మనది ముందుంది. ఆ కారణాల జాబితా చదువుతుంటే మా వాకిట్లో జరిగిన పంచాయితీ మళ్లీ చెవిలో వినబడింది, దాదాపు అవే ప్రశ్నలు. నూటికి ఎనభై మందికి పైగా అట్లా అనుకునే చోట “మిల్లు పోయింది కాబట్టి” అన్న కథ పిల్లలకు ఏం నేర్పుతుంది? సరైన కారణం దొరికితే కొట్టొచ్చని నేర్పుతుంది. మా అన్న కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాడు తాత గురించి విన్నది ఆ కథ ఒక్కటే.

పోయినవాళ్ల గురించి చెడు చెప్పొద్దంటారు, ఇది అందరి నోటా వస్తుంది. మాకు పెత్రమాస పెద్ద పండుగలాంటిదే. పొద్దున పోయినవాళ్ల పేరున బియ్యం ఇస్తాం, వాళ్లకు ఇష్టమైనవి వండుతాం, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. అమ్మ ఏటా ఆ పొద్దున బాపుకు ఇష్టమైన మటన్ వండుతుంది, సాయంత్రం గునుగు, తంగేడు పేర్చి వాడకట్టు ఆడవాళ్లతో కలిసి బతుకమ్మ ఆడుతుంది. ఆమెను ఎవరూ బలవంతం చేయలేదు. అంటే చనిపోయిన మనిషికి పెట్టాల్సింది ఆమె పెడుతూనే ఉంది. దాని పక్కన నిజం ఉంటే ఆ పెట్టడానికి ఏం లోటు వస్తుంది? చేసిన పని చేశాడని చెప్పినా ఆమె బియ్యం ఇస్తుంది, నాకు అనుమానం లేదు.

వీటన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే. అమ్మ ఇన్నాళ్లు నోరు మెదపలేదు, ఆమెకు లేని బాధ నీకెందుకు, ఆమె కడుపులో దాచుకున్నది నలుగురిలో పెట్టడానికి నువ్వెవరు? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆలోచించి ఒకచోటికి మాత్రం వచ్చాను. చెప్పాలా వద్దా అన్నది అమ్మ ఇష్టం. ఆమె వివరాలు చెప్పకపోతే నేను గుచ్చి గుచ్చి అడగను, అడగలేదు కూడా. కానీ ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె శరీరానికి జరిగిన దాని మీద ఆమెకే అబద్ధం చెప్పే అధికారం చిన్నాయినకు లేదు, అన్నకు లేదు, నాకూ లేదు. ఆమె మాట్లాడకపోవడం వేరు, మనం తప్పుగా చెప్తుంటే ఆమె విని ఊరుకోవాల్సి రావడం వేరు. మొదటిది ఆమె ఎంచుకున్నది. రెండోది మనం ఆమె మీద పెట్టింది. ఆ ఆదివారం నేను ఆపింది ఈ రెండోదాన్నే, మిగతాది అమ్మే చెప్పుకుంది.

ఇక ఇంటి సంగతి. ఈ జ్ఞాపకాలకూ ఇల్లు అమ్మకానికీ సంబంధం ఏంటని అన్న అడిగాడు. సంబంధమంతా అక్కడే ఉంది.

అమ్మ ఎందుకు వెళ్లిపోలేదు అని ఈ కాలం పిల్లలు అడుగుతారు. ఎక్కడికి పోతుంది? పుట్టింట్లో తమ్ముడి పెళ్లయింది, అక్కడ నాలుగు రోజులకు మించి ఉంటే మాటలు. ఈ ఇల్లు బాపు పేరు మీద ఉంది, “నా ఇంట్ల నుంచి పో” అన్న మాట మేం విన్నన్నిసార్లు ఇంకే మాటా విని ఉండం. గృహహింస చట్టం 2005లో పార్లమెంటు చేసింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ ప్రకారం ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉంటుంది. అప్పటికి అమ్మ ఇరవై ఏళ్లకు పైగా ఆ మాట వింటూ బతికింది. చట్టం వచ్చిన సంగతి కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. తన పేరున ఒక గది లేకపోవడం ఎట్లా ఉంటుందో అమ్మకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు. లోపలి గడియ కూడా ఆమెకు దక్కలేదు కదా.

ఇప్పుడు చూడండి. బాపు సొంతంగా కట్టుకున్న ఇల్లు, వీలునామా రాయలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కు, కూతురికి సమాన వాటా. మా ఇంట్లో మూడు వాటాలు, అమ్మది, అన్నది, నాది. మా వాళ్లు వేసిన ప్లాను ఏంటంటే, అమ్మ, నేను హక్కు విడుదల పత్రం రాసిస్తాం, అన్న ఒక్కడే అమ్ముతాడు, ఆ పైసలతో హన్మకొండలో తన పేరు మీద ఫ్లాట్ కొంటాడు, అమ్మ అందులో ఉంటుంది, నాకు పసుపు కుంకుమ కింద ఎంతో కొంత. ఊళ్లో నూటికి తొంభై ఇళ్లలో ఇట్లాగే జరుగుతుంది, ఎవరికీ ఇందులో తప్పు కనబడదు. మా అన్న చెడ్డవాడు కాదు, అమ్మను బాగా చూసుకుంటాడు. అయినా లెక్క అదే. అరవై దాటిన ఆ మనిషి మొగుడి ఇంట్లోంచి కొడుకు ఇంట్లోకి పోతుంది, రెండిట్లోనూ తనది అనేది ఏమీ ఉండదు. పాత ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ ఒప్పుకోకపోతే ఆమెకు తన పేరున ఏదన్నా ఎందుకు ఉండాలో కూడా ఎవరికీ అర్థం కాదు. “అమ్మకు పైసలెందుకు, మేం లేమా?” అంటారు. మిల్లు కథను నమ్మితే ఆ ప్రశ్న సబబుగానే ఉంటుంది. ఆ దర్వాజకు గడియ ఎవరు ఊడదీశారో తెలిస్తే ఆ ప్రశ్న నోట్లోంచి రాదు.

అందుకని నేను రెండు మాటలు చెప్పాను. నా వాటా సంగతి తర్వాత మాట్లాడుకుందాం, తొందర లేదు. అమ్మ వాటా మాత్రం అమ్మ పేరు మీదే, అమ్మ ఒక్కదాని ఖాతాలో పడాలి, అది తేలేదాకా నా సంతకం లేదు. కొనేవాళ్లు కూడా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఉన్న వారసులందరి సంతకాలు కావాలంటున్నారు, కాబట్టి నన్ను పక్కన పెట్టి కానిచ్చే వీలు లేదు.

చిన్నాయిన ఆ రోజు తినకుండానే లేచి వెళ్లిపోయాడు. బాపు పరువు తీశానని చుట్టాలందరికీ ఫోన్లు చేశాడట. మేనత్త మాత్రం రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, తనకు కూడా తెలుసని, అప్పట్లో అమ్మ చెయ్యి కట్టు కట్టించడానికి తీసుకెళ్లింది తానేనని, దారిలో రిక్షాలో అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదని చెప్పింది. ఇది నాకు ఇంతకాలం తెలియదు. మేనత్త నాకంటే ముందు నుంచే మోస్తోంది ఆ సంగతిని, తన అన్న పేరు చెడుతుందని.

అన్న ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. వదిన మాట్లాడుతోంది. అమ్మ వాటా విషయంలో ఆమె నా వైపే ఉంది, అన్నకు ఆమే నచ్చజెప్పింది. మరి అమ్మ ఏమంటుందంటే, మొదట వద్దంది, కొడుకుతో గొడవ ఎందుకంది. వారం తిరగకముందే ఫోన్ చేసి, బ్యాంకులో వేస్తే నెలకు వడ్డీ ఎంతొస్తుంది, తాను పోయాక ఎవరికి రాయొచ్చు, అది మార్చుకోవచ్చా అని అడిగింది. ఈ ప్రశ్నలు ఎవరో నేర్పితే వచ్చేవి కావు, చాలా రోజులుగా ఆలోచించిన మనిషి అడిగేవి.

పెన్షన్ వచ్చే ఖాతా ఒకటుంది గానీ అమ్మకు పాన్ కార్డు లేదు. అంత పెద్ద మొత్తం డిపాజిట్ చేయాలంటే అది కావాలన్నారు. దరఖాస్తు నింపుతుంటే తండ్రి పేరు అన్న గడి వచ్చింది, భర్త పేరు చెప్పబోయి ఆగింది. పాన్ కార్డు మీద పెళ్లైన ఆడవాళ్లకైనా భర్త పేరు రాదని, ఆ గడిలో తండ్రి పేరే రాయాలని చెప్తే మా తాత పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చదివించుకుంది. కార్డు పోస్టులో రావాలి, రిజిస్ట్రేషన్ ఆ తర్వాతే. కొనేవాళ్లు అప్పటిదాకా ఆగుతామన్నారు.